బాండు మీద సంతకం పెట్టే ముందు చదవవలసినవి

సింగపూర్ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చేరే విదేశీ విద్యార్థుల ఫీజులో కొంత భాగాన్ని అక్కడి విద్యా మంత్రిత్వ శాఖ ‘ట్యూషన్ గ్రాంట్’ పేరిట భరిస్తుంది. దానికి ప్రతిగా, డిగ్రీ పూర్తయ్యాక 3 సంవత్సరాల పాటు సింగపూర్ సంస్థల్లో ఉద్యోగం చేస్తామని విద్యార్థి ఒప్పందం (బాండు) రాసివ్వాలి. మిర్యాలగూడ దగ్గరి పల్లె నుంచి వెళ్లి, ఆ ఒప్పందాన్ని సగమే చదివి సంతకం పెట్టినవాడిని కనుక, మిగతా సగంలో ఏముంటుందో మీకు చెప్పడం నా బాధ్యతగా భావిస్తున్నాను.

మొదట కాలాన్ని లెక్కకట్టండి. గడువు చదువు ముగిశాకే మొదలవుతుంది కాబట్టి, 4 సంవత్సరాల ఇంజనీరింగుతో కలిపితే 18వ ఏట పెట్టిన సంతకం 25వ ఏడు దాకా మిమ్మల్ని కట్టి ఉంచుతుంది. అక్క పెళ్లి, నాన్న ఆపరేషన్, బోరు ఎండిపోవడం, మా ఇంట్లో ఈ మూడూ ఆ ఏడేళ్లలోనే వచ్చాయి.

తరువాత పరిహారం పేరా దగ్గర ఆగండి. మధ్యలో మానేస్తే గ్రాంటు మొత్తాన్ని ఏడాదికి 10 శాతం చక్రవడ్డీతో తిరిగి కట్టాలి. ఆ మాట విని మా నాన్న, “మన దగ్గర రెండు రూపాయల మిత్తి నడుస్తుంటే ఇదేం ఎక్కువ?” అన్నారు. రెండు రూపాయల మిత్తి అంటే ఏడాదికి 24 శాతం కనుక ఆయన పోలికలో తప్పు లేదు. అయితే ఊళ్లో తెచ్చే అప్పు యాభై వేలో లక్షో ఉంటుంది. ఇక్కడ అసలే 20 లక్షలు అనుకుంటే, 4 ఏళ్లకు అది 29 లక్షల 28 వేలు అవుతుంది. ఈ లెక్కను కాగితం మీద వేసి ఇంట్లోవాళ్లకు చూపించండి.

ఉద్యోగం చూపించే పూచీ గ్రాంటుకు ఉండదు, మీరే వెతుక్కోవాలి. పైచదువుకు వెళ్లాలంటే గడువును వాయిదా వేయమని ముందే దరఖాస్తు చేసి, అనుమతిని రాతపూర్వకంగా తీసుకోండి.

బాండ్లు కోర్టులో నిలవవని ధైర్యం చెప్పేవారు మీకూ తారసపడతారు. మన దేశంలోనే వైద్య విద్యార్థుల నిర్బంధ సేవా బాండ్లను సుప్రీంకోర్టు 2019 ఆగస్టులో సమర్థించింది. ఇక పరాయి దేశపు ఒప్పందం విషయంలో అలాంటి మాటలను నమ్ముకోవడం తెలివితక్కువతనం.

అన్నిటికంటే ఎక్కువ సమయం పూచీదారుకు, అంటే మీ తరఫున హామీ సంతకం పెట్టేవారికి, కేటాయించండి. మన 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను ప్రకారం, ఒప్పందంలో వేరే విధంగా రాసుకుంటే తప్ప, జమానతు ఉన్నవారి బాధ్యత అసలు బాకీదారు బాధ్యతతో సమానం. విదేశపు ఒప్పందంలోనూ పూచీ సంతకం ఉత్త సాక్షి సంతకం కాదు. రైసుమిల్లులో గుమస్తాగా పనిచేసే మా మేనమామ నా కోసం సంతకం పెట్టి, భూమి పోతుందేమోనన్న భయాన్ని ఏడేళ్లు ఎవరికీ చెప్పకుండా మోశారు. ఒప్పందాన్ని ఆయనకు తెలుగులో చదివి వినిపించి ఉంటే, తన పొలం తాకట్టులో లేదని, నేను మాట తప్పితే బాకీ మాత్రం ఆయన మీదికీ వస్తుందని మొదటి రోజే తెలిసేది. గడువు తీరిందని ధ్రువీకరించే లేఖ అందగానే దాని నకలును మీ పూచీదారు చేతికివ్వండి. మా మామ దాన్ని పట్టాదారు పాసుపుస్తకంలో పెట్టుకున్నారు.