ఎడారికి డబ్బా డీజిల్: సిరొంచ మెకానిక్ మాట

సిరొంచలో జీపుల షెడ్డు నడుపుతున్నాను. రాజస్థాన్ ఎడారికి బండి వేసుకుని పోదామనుకునే కుర్రాళ్లు సర్వీసింగుకు వచ్చి మొదట అడిగేది, "అన్నా, ఎన్ని డబ్బాలు పట్టుకెళ్లాలి?" అని. ముందు లెక్క వేయండి, డబ్బా సంగతి తర్వాత.

జైసల్మేర్ నుంచి పాకిస్తాన్ సరిహద్దు దగ్గరి తనోట్ ఊరు సుమారు 120 కిలోమీటర్లు. తారు రోడ్డు మీద పోయి రావడానికి ఫుల్ ట్యాంకు చాలు, డబ్బా దండగ. ఇసుకలో దిగితేనే కథ మారుతుంది. టైర్లలో గాలి తగ్గించి, లో గేరులో ఈడుస్తుంటే మైలేజీ సగానికి పడిపోతుంది. తారు మీద లీటరుకు 12 కిలోమీటర్లు ఇచ్చే బండి ఇసుకలో 6 ఇస్తుందనుకోండి. 240 కిలోమీటర్లు తారు, 300 కిలోమీటర్లు ఇసుక అంటే 20, 50 కలిపి 70 లీటర్లు. దారి తప్పినా, బండి కూరుకుపోయినా పనికొచ్చేలా ఇంకో పావు వంతు కలిపితే 88 దాకా వస్తుంది. ట్యాంకు 60 అయితే 20 లీటర్ల డబ్బాలు రెండు తీసుకోండి.

డబ్బా ఇనుపదే కావాలి. మంచినూనె ప్లాస్టిక్ డబ్బాలు, నీళ్ల క్యాన్లు వద్దే వద్దు. ఎండకు ఉబ్బుతాయి, మూత దగ్గర కారతాయి. పెట్రోలు బండి అయితే చట్టం కూడా చూసుకోండి: సొంత బండికి వాడుకునే పెట్రోలు, ట్యాంకులో ఉన్నది కాక, లైసెన్సు లేకుండా 100 లీటర్లు మించకూడదు, అదీ 25 లీటర్లు మించని లోహపు డబ్బాల్లో ఉండాలి. బంకువాళ్లు డబ్బాలో పోయబోమంటే వాదించకండి, ఇంకో చోట అడగండి.

కొత్త డబ్బాను ఇంటి దగ్గరే పరీక్షించండి. కొంచెం డీజిల్ పోసి, మూత బిగించి, నీడలో అట్టముక్క మీద పక్కకు పడుకోబెట్టి రాత్రంతా వదిలేయండి. అట్ట మీద మరక కనిపిస్తే మూతలోని వాషర్ మార్చాల్సిందే.

నింపేటప్పుడు డబ్బాను బండిలోంచి దింపి నేల మీద పెట్టండి. నాజిల్ డబ్బా అంచుకు తాకుతూ ఉండాలి, స్టాటిక్ కరెంటుతో నిప్పురవ్వ పుట్టకుండా. మూతి దాకా నింపొద్దు. తెల్లవారి చలిలో 20 డిగ్రీల దగ్గర పోసిన 20 లీటర్ల పెట్రోలు, ఎండకు 45 డిగ్రీలకు వేడెక్కితే దాదాపు అర లీటరు పెరుగుతుంది. డీజిల్ కాస్త తక్కువ, కానీ అదీ పెరుగుతుంది. ఎండలో ఉన్న డబ్బా మూతను నెమ్మదిగా తిప్పండి, లోపలి ఒత్తిడి ముందు పోనివ్వండి.

ఎక్కడ పెట్టాలన్నదే నాకు అన్నిటికంటే ముఖ్యం. నిండిన రెండు డబ్బాలు 40 కిలోలు దాటుతాయి. అంత బరువు టాపు మీద పెట్టి ఇసుక దిబ్బ మీద అడ్డంగా పోతే బండి పల్టీ కొడుతుంది. వెనక బంపరుకు వేలాడదీసినా, ఎవరైనా గుద్దితే ప్రమాదమే. పికప్ అయితే వెనక తొట్టిలో, కిందుగా, నిలువుగా పెట్టి బెల్టుతో కట్టండి. మనుషులు కూర్చునే చోట పెట్రోలు అసలు వద్దు. దాని ఆవిరి గాలికంటే బరువు, కిందనే పేరుకుంటుంది.

ట్యాంకులో చోటు దొరకగానే డబ్బా ఖాళీ చేయండి, చివరిదాకా దాచుకోవద్దు. ఇంజిన్ ఆపి, చల్లారాక, గాలికి ఎదురుగా కాకుండా నిలబడి జల్లెడ ఉన్న గరాటుతో పోయండి. బీడీ దరిదాపుల్లో ఉండకూడదు. పైపు పెట్టి నోటితో లాగడం మానేయండి. ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణాంతకం, చేతిపంపు కొనుక్కోండి. ఖాళీ అయిన డబ్బాలోనూ ఆవిరి ఉంటుంది కాబట్టి మూత బిగించే తిరిగి కట్టండి.