ప్ల్యోస్: వోల్గా ఒడ్డున రెండు రాత్రులు ఉండి చూడాల్సిన ఊరు

రష్యన్‌లో ‘ప్ల్యోస్’ అంటే రెండు మలుపుల మధ్య నది తిన్నగా పారే భాగం. మాస్కోకు ఈశాన్యంగా, ఇవానోవో ప్రాంతంలో, వోల్గా కుడి గట్టున అలాంటి చోటే ఉంది ఈ ఊరు. జనాభా రెండు వేలకు అటూ ఇటూ. ఒకప్పుడు ఇవానోవో బట్టల మిల్లులకు ఇదే రేవు. 1871లో ఇవానోవో నుంచి వోల్గా మీదే ఉన్న మరో రేవు కినేష్మాకు రైలు పడ్డాక సరుకంతా అటు మళ్లింది, ఊరు పెరగడం ఆగింది. పాత వర్తకుల ఇళ్లు చెక్కుచెదరకుండా మిగిలింది అందువల్లే.

టూర్ బస్సులూ క్రూయిజ్ ఓడలూ ఇక్కడ ఆగేది కాసేపే. ఆ కాస్తలో నది కట్ట మీద నడవడం, చేప కొనుక్కోవడం అవుతాయి, అంతే. ప్ల్యోస్ అందమంతా కొండల మీద ఉంది. అందుకే రెండు రాత్రులు పెట్టుకోండి. ఇవానోవో మీదుగా వచ్చి కొస్త్రొమా నగరం మీదుగా మాస్కోకు తిరిగి వెళ్తే వచ్చిన దారినే పోనక్కర్లేదు.

ముందుగా డబ్బు సంగతి. రష్యా బయట జారీ అయిన వీసా, మాస్టర్‌కార్డులు 2022 మార్చి నుంచి అక్కడ పనిచేయవు. డాలర్లో యూరోలో నగదుగా తీసుకెళ్లి మాస్కోలోనే బ్యాంకులో రూబుళ్లు చేసుకోండి. రూపాయలను నమ్ముకోవద్దు. చిరిగిన నోట్లు, పెన్నుగీతలున్న నోట్లు తీసుకోకపోవచ్చు. చిన్న నోట్లు కొన్ని విడిగా ఉంచుకుంటే బస్సులోనూ చేపల దుకాణంలోనూ పనికొస్తాయి. భారతీయులకు ఈ-వీసా ఉంది, అయితే దాని జాబితాలో ఉన్న ప్రవేశ కేంద్రాల నుంచే లోపలికి రానిస్తారు. హోటల్లో దిగగానే మీ పేరు నమోదు చేశారా అని అడిగి, ఆ కాగితం తీసి పెట్టుకోండి.

మాస్కో నుంచి ఇవానోవోకు ‘లాస్తొచ్కా’ రైల్లో సుమారు నాలుగు గంటలు. టికెట్ మీద స్టేషన్ పేరు జాగ్రత్తగా చదవండి. మాస్కోలో పెద్ద స్టేషన్లు చాలా ఉన్నాయి, ఒకదానికి బదులు ఇంకోదానికి వెళ్తే రైలు తప్పిపోతుంది. ఇవానోవోలో రైల్వే స్టేషన్ ఊరికి ఒక కొసన, బస్టాండు ఇంకో కొసన ఉంటాయి. మధ్యలో టాక్సీకి, ట్రాఫిక్‌కు కలిపి గంట పెట్టుకోండి. అక్కడినుంచి ప్ల్యోస్ 70 కిలోమీటర్లు, బస్సులో గంటన్నర నుంచి రెండు గంటలు. సాయంత్రం బస్సులు తక్కువ, కాబట్టి పొద్దున రైలే మేలు. ప్ల్యోస్‌లో టాక్సీ అప్పటికప్పుడు దొరకడం కష్టం. తిరుగు ప్రయాణానికి ముందురోజే హోటల్ వాళ్లతో చెప్పించండి. మ్యాపులు ఆఫ్‌లైన్‌లో దించుకోండి.

దిగిన రోజు సాయంత్రమే సబోర్నయా కొండ ఎక్కండి. 1410లో మాస్కో రాజు మొదటి వసీలీ కట్టించిన కోట ఇక్కడే ఉండేది. కోట పోయింది, మట్టికట్టలు మిగిలాయి. 1699 నాటి ఉస్పెన్‌స్కీ చర్చి, 1910లో నిలిపిన వసీలీ విగ్రహం అక్కడే ఉన్నాయి. ఊరు ఉత్తరానికి తిరిగి ఉంటుంది కాబట్టి జూన్, జూలైల్లో సూర్యుడు నది వైపు వాయవ్యంలో దిగుతాడు. వెలుగు రాత్రి తొమ్మిది దాటినా ఉంటుంది. సెప్టెంబరు చివరికి కొండ నీడ కట్ట మీద తొందరగా పడిపోతుంది. అప్పుడు ఫొటోల కోసం మధ్యాహ్నమే పైకి చేరాలి.

రెండో రోజు లెవితాన్‌కు. చిత్రకారుడు ఇసాక్ లెవితాన్ 1888 నుంచి మూడు వేసవులు ఇక్కడ గడిపాడు. ‘సాయంత్రం. బంగారు ప్ల్యోస్’, ‘వాన తర్వాత. ప్ల్యోస్’ అనే 1889 నాటి చిత్రాలు మాస్కోలో ట్రెత్యాకోవ్ గ్యాలరీలో ఉన్నాయి. వాటిని చూసి వస్తే ఈ గట్టు వేరేగా కనిపిస్తుంది. ఒక తేడా మాత్రం గుర్తుంచుకోండి: 1950ల్లో గోర్కీ జలాశయం నిండాక నీటిమట్టం పెరిగింది. ఆయన చూసిన ఒడ్డు అచ్చంగా ఇది కాదు.

మెట్లెక్కి లెవితాన్ కొండ మీదికి వెళ్తే చిన్న చెక్క చర్చి ఉంటుంది. చాలామంది దాన్ని ఆయన బొమ్మలోని చర్చి అనుకుని మురిసిపోతారు. ఆయన గీసిన చర్చి 1903లో కాలిపోయింది. ఇప్పుడున్నది 1699 నాటిదే, కానీ బిల్యూకోవో అనే పల్లె నుంచి 1982లో తెచ్చి నిలబెట్టారు. ఆ సంగతి తెలిసి చూసినా మనసు నిండుతుంది. చుట్టూ పాత సమాధులు, బిర్చ్ చెట్లు, కింద నది. తొందరపడకండి.

వాన పడితే ఈ వాలు బాటలు జారుడు బంకమన్ను. పట్టున్న బూట్లు కావాలి. మే, జూన్‌లలో గడ్డిలో పిడుదులు ఉంటాయి. మెదడువాపు జబ్బు మోసుకొచ్చే రకం కాబట్టి పొడవు ప్యాంటు వేసి, అంచులు సాక్సుల్లో దోపి, రాత్రి ఒళ్లంతా చూసుకోండి. మ్యూజియంలకు సోమవారం సెలవు మామూలే. నెలకోసారి శుభ్రం చేసే రోజని కూడా మూస్తారు. మ్యూజియం మూసే వేళకు ముందే టికెట్ కౌంటర్ మూసేస్తారు. చర్చిలో ఆడవాళ్లు తలపై స్కార్ఫ్ వేసుకోవాలి, మగవాళ్లు టోపీ తీయాలి.

తిండికి ప్ల్యోస్ పేరు పొగబెట్టిన ‘లేష్’ చేపతో ముడిపడి ఉంది. రుచి గొప్పది, ముళ్లు సన్నం. పులస తిన్న చేతులకు ఇది కష్టం కాదు, పిల్లలకు మాత్రం ఒలిచి పెట్టండి. ‘గర్యాచెవో కప్చేనియా’ అంటే వేడి పొగలో వండినది, మెత్తగా ఉంటుంది, తొందరగా పాడవుతుంది. ఆ రోజే తినేయండి. ‘హలోద్నొవో’ అంటే చల్లని పొగది, ఉప్పగా, గట్టిగా ఉండి నాలుగు రోజులు ఆగుతుంది. శాకాహారులు ‘బెజ్ మ్యాస, బెజ్ రీబి’ (మాంసం లేకుండా, చేప లేకుండా) అనడంతో ఆపకండి. క్యాబేజీ సూపు మాంసం ఉడికిన నీళ్లతో చేస్తారు, ‘బెజ్ బుల్యోనా’ (ఆ నీళ్లు లేకుండా) అని కూడా చెప్పాలి. ‘పోస్త్‌నొయె’ అంటే చర్చి ఉపవాసపు వంట. మాంసం, గుడ్డు, పాలు ఉండవు, చేప ఉందేమో అడగండి. జున్నులాంటి త్వారోగ్‌తో వేయించే చిన్న అట్లు సిర్నికీలు, అదే లోపల పెట్టిన పలుచని అట్లు బ్లినీలు గుడ్డు తినేవాళ్లకు బాగుంటాయి.

మూడో రోజు కొస్త్రొమాకు. ముందు ప్రివోల్జ్‌స్క్ చేరితే, ఇవానోవో–కొస్త్రొమా రోడ్డు అక్కడినుంచే పోతుంది. ప్రివోల్జ్‌స్క్ నారబట్టలకు పేరున్న ఊరు, తువ్వాళ్లో దుప్పట్లో కొనాలంటే అక్కడే ఆగండి. కొస్త్రొమాలో ఇపాత్యెవ్ మఠానికి నేరుగా వెళ్లండి. 1613లో పదహారేళ్ల మిఖాయిల్ రొమానొవ్‌ను రాజుగా రమ్మని అడిగింది ఇక్కడే. త్రోయిత్‌స్కీ చర్చి గోడల మీద గూరీ నికీతిన్ బృందం 1685లో వేసిన కుడ్యచిత్రాలున్నాయి. కింది వరసల నుంచి మొదలుపెట్టి, గోడ చుట్టూ తిరుగుతూ పైకి చూడండి. గంట ఇట్టే గడుస్తుంది. పక్కనే పల్లెల నుంచి తెచ్చి పేర్చిన చెక్క ఇళ్ల మ్యూజియం ఉంది, బయటి పని కాబట్టి వాన రాకముందే దాన్ని చూసేసి చర్చిలోకి వెళ్లడం మంచిది.