బోరు వేయించే రోజు బండి దగ్గర నుంచి కదలకండి

ఇంటికి బోరు వేయించాలనుకునే వాళ్లకు నేను మొదట చెప్పే మాట ఒకటే. ఎన్ని అడుగుల దగ్గర ఆపాలో డ్రిల్లింగ్ బండి రాకముందే ఇంట్లో అందరూ కూర్చుని తేల్చుకోండి. అర్ధరాత్రి కంప్రెసర్ హోరులో, దుమ్ములో నిలబడి ఉన్నప్పుడు డ్రిల్లర్ వచ్చి "ఇంకో వంద చూద్దామా సార్" అంటే వద్దనడానికి నోరు రాదు. నల్లగొండ వైపు మా మొదటి బోరు అలాగే 300 దగ్గర ఆపాల్సింది 620 దాకా పోయింది, చుక్క పడలేదు. అదే స్థలంలో ఇంకో మూల వేసిన రెండో దానికి 230 అడుగులకే నీళ్లు తగిలాయి.

తెలంగాణలో చాలా చోట్ల, రాయలసీమలో అనంతపురం, చిత్తూరు వైపు, కింద ఉండేది గట్టి రాయి, ఎక్కువగా గ్రానైట్. పైన మట్టి, దాని కింద మొరం, ఆ కింద బండ. నీళ్లుండేది ఆ మొరం పొరలోనూ బండలోని పగుళ్లలోనూ. లోతుకు పోయేకొద్దీ పైన ఉన్న రాయి బరువుకి పగుళ్లు బిగుసుకుపోతాయి, తగ్గిపోతాయి. వెయ్యి అడుగుల్లో పడిన బోర్లు లేవని కాదు, కానీ "లోతుకు పోతే ఎప్పటికైనా పడతాయి" అన్న మాట మీద అప్పు తెచ్చి డబ్బు పెట్టకండి.

పాయింట్ పెట్టించేటప్పుడు, అంటే బోరు ఎక్కడ వేయాలో చూసేటప్పుడు, జియాలజిస్టును పిలవండి. నేలలో ఇనుప కడ్డీలు దిగ్గొట్టి కరెంటు పంపి, నేల ఎంత అడ్డుకుంటోందో మీటరులో చూస్తారు. నీళ్లు కచ్చితంగా పడతాయని అదీ హామీ ఇవ్వదు, కాకపోతే మొరం ఎంత మందం ఉందో, బండ ఎక్కడ మొదలవుతుందో అంచనా ఇస్తుంది, చేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నీళ్లు చూసేవాళ్లు అది చెప్పలేరు. సెప్టిక్ ట్యాంకుకు కనీసం 50 అడుగుల దూరం చూసుకోండి. బండి లోపలికి వచ్చే దారి, పైన కరెంటు తీగలు కూడా అప్పుడే చూసుకోవాలి, డ్రిల్లింగ్ మొదలయ్యాక బండి మీది స్తంభం నిటారుగా లేస్తుంది కదా. వేయించేది ఏప్రిల్, మే నెలల్లో అయితే మంచిది. అప్పుడు దొరికిన నీళ్లు మిగతా నెలల్లో మామూలుగా తగ్గవు.

వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం 2002 నుంచి ఉంది, బోరుకు దాని కింద అనుమతి తీసుకోవాలి, మీసేవలో దరఖాస్తు పెట్టుకోవచ్చు. రిగ్గుకు, అంటే డ్రిల్లింగ్ బండికి, రిజిస్ట్రేషన్ ఉందో లేదో కూడా అడగండి.

బేరం దగ్గర చాలామంది అడుగు రేటు ఒక్కటే అడిగి ఊరుకుంటారు. అది మొదటి 200 అడుగులకో 300 అడుగులకో మాత్రమే, ఆ పైన ప్రతి వందకూ రేటు పెరుగుతూ పోతుంది. కేసింగ్ పైపు (పై మట్టి బోరులోకి జారకుండా దింపేది) విడిగా, కొన్ని చోట్ల ఫ్లషింగ్ (గాలి కొట్టి బోరు శుభ్రం చేయడం), రవాణా కూడా విడిగా. ఇవన్నీ కాగితం మీద రాయించుకుని సంతకం పెట్టించుకుంటే తర్వాత టెన్షన్ ఉండదు.

ఇక బండి వచ్చిన రోజు. ముందు టేపు తీసుకుని, బోరులోకి ఒకదాని వెనక ఒకటి దింపే డ్రిల్లింగ్ రాడ్డు ఒకటి కొలవండి. ఎక్కువ బండ్లకు 20 అడుగులుంటుంది, కొన్నిటికి 15. తర్వాత ఒక్కో రాడ్డు దిగినప్పుడల్లా గోడ మీద చాక్‌పీసుతో ఒక గీత గీయండి, లెక్క మీ దగ్గర ఉండాలి. రాడ్డు రాడ్డుకీ గుప్పెడు పొడి తీసి వరసగా కుప్పలు పెట్టించండి. మొదట ఎర్రగా, తర్వాత గోధుమరంగులో, బండ మొదలయ్యాక బూడిదరంగులో వస్తుంది. మా రెండో బోరులో 12వ రాడ్డు దిగుతుండగా కింద రాయిని కొట్టే హ్యామర్ చప్పుడు మారింది, రాడ్డు ఒక్కసారిగా జారినట్టు అయింది, మెత్తటి పొడికి బదులు గోరంత రాయి పలుకులు పైకొచ్చాయి, వాటి ఒక వైపు తుప్పు మరక. నీళ్లు ఎన్నో ఏళ్లు ఆ పగులులోంచి పారితేనే అలాంటి మరక పడుతుంది. డ్రిల్లర్లు "గ్యాప్ తగిలింది" అనేది దీన్నే.

కేసింగ్ విషయంలో ఏమాత్రం తగ్గకండి. మెత్తటి పొరంతా దాటి గట్టి బండలో ఒకటి రెండు అడుగులు కూర్చోవాలి. పైపు ఆదా చేద్దామని పైనే ఆపితే వానాకాలంలో మట్టి జారి బోరు పూడిపోతుంది, మోటారు లోపలే ఇరుక్కుపోతుంది. నేల మీద ఒక అడుగైనా పైకి ఉంచి, పైపు చుట్టూ ఉన్న సందును బంకమట్టితోనో సిమెంటుతోనో మూయించండి, లేకపోతే పై మురికి నేరుగా లోపలికి దిగుతుంది.

నీళ్లు పడ్డాక "ఒకటిన్నర ఇంచు, రెండు ఇంచులు" అంటారు. మట్టితో చిన్న కాలువ కట్టి, అడ్డంగా వీ ఆకారంలో కోసిన రేకు పెట్టి, ఆ గాడిలో నీళ్లు ఎంత ఎత్తు పారుతున్నాయో కొలిచే లెక్క అది. 90 డిగ్రీల గాడిలో ఒక ఇంచు అంటే గంటకు దాదాపు 500 లీటర్లు. రెండు ఇంచులంటే దానికి రెట్టింపు కాదు, దాదాపు 2,900. ఈ తేడా తెలియక ఒక ఇంచు పడితే చాలామంది నిరాశపడి ఇంకా దింపిస్తారు. మనిషికి రోజుకు 135 లీటర్లు వేసుకున్నా ఐదుగురున్న ఇంటికి 675 లీటర్లు, అంటే ఆ ఒక్క ఇంచు గంటన్నర పోస్తే సరిపోతుంది. పైగా ఆరున్నర అంగుళాల బోరులో అడుగుకు సుమారు 6.5 లీటర్లు నిలుస్తాయి, వంద అడుగుల మేర నిలిస్తే 650 లీటర్లు అక్కడే ఉన్నట్టు. నీళ్లు తగిలాక ఇంకో 40, 50 అడుగులు దింపమనేది ఈ నిల్వ కోసం, అడుగున చేరే మట్టికి చోటు కోసం. మేం 280 దగ్గర ఆపేశాం.

మోటారు అదే రోజు కొనకండి. ఒక రోజు ఆగి, తాడుకు బరువు కట్టి దింపి నీళ్లు ఎక్కడ నిలిచాయో చూసుకోండి. హార్స్‌పవర్ ఒక్కటే చూడకుండా, మీ లోతు నుంచి ట్యాంకు ఎత్తు దాకా గంటకు ఎన్ని లీటర్లు ఎక్కిస్తుందో మోటారు కంపెనీ పట్టికలో చూసి ఎంచుకోండి. బోరు ఇచ్చేదానికంటే ఎక్కువ లాగే మోటారు పెడితే ఎండిన బోరులో తిరిగి కాలిపోతుంది. మోటారును బోరు అట్టడుగు నుంచి 20 అడుగుల పైనే వేలాడదీయండి, దానికి నైలాన్ తాడు కట్టడం మర్చిపోకండి, స్టార్టరులో డ్రై రన్ రక్షణ (నీళ్లు లేకుండా తిరిగితే మోటారును ఆపేసేది) పెట్టించండి.

తాగే ముందు ల్యాబులో పరీక్ష చేయించాలి, నల్లగొండ, ప్రకాశం జిల్లాల వాళ్లైతే మరీను. ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 దాకా. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఎక్కువుంటే ఆ నీళ్లు స్నానానికి, మొక్కలకు వాడుకుని తాగడానికి కుళాయి నీళ్లు పట్టుకోండి.

నీళ్లు పడకపోతే బండి గేటు దాటకముందే బోరు నోరు మూయించండి, రేపు చూద్దామనుకోకండి. ఆరున్నర అంగుళాల రంధ్రంలోకి పసిపిల్లలు జారిపోయిన ఘటనలు మన రెండు రాష్ట్రాల్లోనూ జరిగాయి. వదిలేసిన బోరును అడుగు నుంచి నేల మట్టం దాకా మట్టి, ఇసుక, రాళ్లతో పూడ్చాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. గోనెసంచి కప్పి పైన రాయి పెట్టడం మూత కాదు. మా 620 అడుగుల బోరుకు ఆ రాత్రే ఇనుప మూత వెల్డింగ్ చేయించాం, మర్నాడు రెండు ట్రాక్టర్ల మట్టి తెప్పించి నింపాం. వారానికి మట్టి కుంగి మూడడుగుల గుంట పడితే మళ్లీ నింపాం. మీరూ ఒక వాన పడ్డాక వెళ్లి మట్టి కుంగిందేమో చూసి రండి.