హమకిత ఎక్కడికి పోయింది? పాత జపాన్ అడ్రస్ అనువదించే పద్ధతి

నాచారం నుంచి ఒకావిడ ప్లాస్టిక్ కవర్లో మూడు కాగితాలు పెట్టుకుని తార్నాకలో మా ఇంటికి వచ్చింది. భర్త జపాన్‌లోనే ఉద్యోగం చేస్తాడు. అక్కడే పుట్టిన కొడుకు పైచదువుకి మళ్లీ అక్కడికే వెళ్లాలని అప్లై చేస్తున్నాడు. 2005 ఫిబ్రవరి నాటి పుట్టుక కాగితంలో షిజుఓకా-కెన్, హమకిత-షి అని ఉంది. 2010లో తీసుకున్న విదేశీయుల నమోదు పత్రంలో హమమత్సు-షి, హమకిత-కు. 2024లో తీసుకున్న నివాస పత్రంలో హమమత్సు-షి, హమన-కు. ఇల్లు మాత్రం ఒక్కటే, ఒక్కసారి కూడా మారలేదట. "మూడు ఊళ్లు అనుకుని అప్లికేషన్ ఆపేస్తారేమోనండీ" అని ఆవిడ టెన్షన్.

ఇఫ్లూలో (విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో) జపనీస్ చదువుకున్నప్పటి నుంచి జపాన్ కాగితాలు అనువదించే పనే చేస్తున్నాను. మొదట్లో నేనూ ఇక్కడే తప్పు చేశాను. ఒకరి పాత కాగితంలో ఉన్న ఊరు ఇప్పుడు లేదని తెలిసి, సాయం చేస్తున్నాననుకుని, అనువాదంలో కొత్త పేరు రాసేశాను. మూలంలో ఒక పేరు, అనువాదంలో ఇంకో పేరు. ఆ ఫైలు వెనక్కి వచ్చింది, ఆ కుటుంబానికి నెల పోయింది. ఆ రోజు నుంచి ఒకే పద్ధతి పాటిస్తున్నాను: కాగితంలో ఏ పేరుంటే అదే రాయాలి, ఆ పేరు తర్వాత ఏమైందో కింద విడిగా వివరణగా ఇవ్వాలి.

అన్నిటికన్నా ముందు తేదీ చూడండి. జపాన్ కాగితాల్లో ఎక్కువగా చక్రవర్తి శకం (ఒక్కో చక్రవర్తి పాలన మొదలైనప్పటి నుంచి లెక్కపెట్టే సంవత్సరం) ఉంటుంది. షోవా సంవత్సరానికి 1925, హేసేకి 1988, రేవాకి 2018 కలిపితే మన లెక్క వస్తుంది. హేసే 17 అంటే 2005. సంవత్సరం తేల్చుకుని అక్కడితో ఆగకండి, నెలా రోజూ కూడా కావాలి. హమకిత నగరం హమమత్సులో కలిసింది 2005 జూలై 1న. ఆ పిల్లవాడు హేసే 17 ఫిబ్రవరిలో పుట్టాడు కాబట్టి హమకిత-షి. అదే ఇంట్లో అదే హేసే 17 ఆగస్టులో పుట్టి ఉంటే కాగితం మీద హమమత్సు-షి అని ఉండేది.

తర్వాత పేరు చివర ఏముందో చూడండి. కెన్ అంటే ప్రిఫెక్చర్, మన రాష్ట్రం లాంటి పెద్ద విభాగం. షి నగరం, చో లేదా మాచి పట్టణం, మురా లేదా సొన్ గ్రామం. కు అంటే పెద్ద నగరంలోని వార్డు (తెలుగులో రాస్తే విభక్తిలా కనబడుతుంది కాబట్టి ఇక్కడ గీత పెట్టి రాస్తున్నాను). గున్ విషయం కాస్త వేరు. అది పట్టణాలనీ గ్రామాలనీ కలిపి పిలిచే పాత పేరు, దానికి ఈ రోజుల్లో ఆఫీసు గానీ అధికారి గానీ ఉండరు. పట్టణం వెళ్లి నగరంలో కలిస్తే అడ్రస్‌లోంచి గున్ రాలిపోతుంది. కాబట్టి అడ్రస్‌లో గున్ కనిపిస్తే, ఆ పట్టణం ఇంకా ఉందా అని వెతకడం మొదలుపెట్టాలి.

ఇన్ని ఊళ్లు ఎందుకు కలిశాయంటే, పల్లెల్లో జనం తగ్గిపోయారు, వయసు పైబడ్డవాళ్లు పెరిగారు, చిన్న పంచాయతీలకి ఖర్చు భారమైంది. కలిసిన ఊళ్లు ప్రత్యేక అప్పు తెచ్చుకోవచ్చని, తీర్చేదాంట్లో 70 శాతం కేంద్రం చూసుకుంటుందని చట్టం చేశారు. 2005 మార్చిలోపు దరఖాస్తు పెట్టి, 2006 మార్చిలోపు కలిసిపోవాలన్న గడువు ఉండటంతో ఆ రెండేళ్లలో తొందర పెరిగింది. దేశం మొత్తం మీద 1999 మార్చిలో 3,232 స్థానిక సంస్థలు ఉంటే 2010 మార్చికి 1,727 మిగిలాయి. షిజుఓకా ప్రిఫెక్చర్‌లో ఇప్పుడు గ్రామం అనేది ఒక్కటీ లేదు, అన్నీ నగరాలూ పట్టణాలే. అందుకే 2003 నుంచి 2010 మధ్య కాగితం ఏది వచ్చినా నేను రెండుసార్లు చూస్తాను.

హమమత్సు సంగతి వివరంగా చెప్తాను, మనవాళ్ల కాగితాల్లో ఎక్కువ తగిలేది అదే. సుజుకీ, యమహా అక్కడివే కదా. 2005 జూలై 1న హమకిత, తెన్ర్యూ నగరాలు, ఎనిమిది పట్టణాలు, తత్సుయమ అనే గ్రామం హమమత్సులో కలిశాయి. పాత హమమత్సుతో కలిపి మొత్తం 12. 2007 ఏప్రిల్ 1న హమమత్సుకి పెద్ద నగరాలకిచ్చే ప్రత్యేక హోదా వచ్చి ఏడు వార్డులు ఏర్పడ్డాయి. ఈ రెండు తేదీల నడుమ ఇచ్చిన కాగితంలో వార్డు ఉండదు. అది పొరపాటు కాదు, మీరు వార్డు చేర్చకండి. 2024 జనవరి 1న ఆ ఏడింటినీ మూడు చేశారు: చూఓ-కు, హమన-కు, తెన్ర్యూ-కు. సుజుకీ ప్రధాన కార్యాలయం అడ్రస్ కూడా అలాగే మినామి-కు నుంచి చూఓ-కుకి మారింది.

ఇక్కడ ఒక చిక్కుంది. పాత కాగితాల్లో హమన-గున్ అని వస్తుంది. ఇప్పటి హమన-కు అదేననుకుంటే దెబ్బతింటారు. హమన-గున్‌లోని మైసక, యూతో పట్టణాలు ఇప్పుడు చూఓ-కులో ఉన్నాయి. హమన-కులోకి వచ్చినవి హమకిత, ఇంకా ఇనస-గున్‌లోని హొసొయె, ఇనస, మిక్కబి.

పేరు ఒకటై ఊరు వేరైనవి ఇంకా ఉన్నాయి. ఇవత-గున్‌లో టొయోటా-చో అనే పట్టణం ఉండేది, 2005 ఏప్రిల్ 1న ఇవత-షిలో కలిసింది. కార్ల టొయోటా ఉన్న టొయోటా-షి పక్క ప్రిఫెక్చర్ ఐచిలో ఉంది, రెండింటి అక్షరాలూ ఒకటే. షిమిజు-షి 2003లో షిజుఓకా నగరంలో కలిసి తర్వాత షిమిజు-కు అయింది. సున్‌తో-గున్‌లోని షిమిజు-చో మాత్రం ఇప్పటికీ విడి పట్టణమే. అందుకని పేరు ఒక్కటే చూసి తేల్చకండి, చివరి అక్షరం, గున్, తేదీ మూడూ కలిపి చూడండి. సరిచూసుకోవడానికి ఆ నగరం సొంత వెబ్‌సైట్‌లో విలీనం చరిత్ర పేజీ మంచి ఆధారం.

నాచారం ఆవిడకి ఇదంతా చెప్తుంటే మొదట తల తిరిగింది. అప్పుడు మన ఉప్పల్ సంగతి గుర్తు చేశాను. 2007 ఏప్రిల్‌లో జీహెచ్ఎంసీ ఏర్పడకముందు కాగితాల్లో ఉప్పల్ కలాన్ మున్సిపాలిటీ, రంగారెడ్డి జిల్లా. 2016 అక్టోబరు తర్వాత మేడ్చల్ మల్కాజిగిరి జిల్లా. వరంగల్ వాళ్లకి ఇంకా కష్టం: 2016లో వచ్చిన వరంగల్ అర్బన్ 2021లో హనుమకొండ అయింది, వరంగల్ రూరల్ పేరు వరంగల్‌గా మారింది. "మా నాన్న పొలం కాగితాలూ అంతేనండీ" అని ఆవిడే అంది, ముఖం కాస్త తేలికపడింది.

అనువాదం కింద నేను పెట్టిన వివరణ ఇది: "పుట్టుక పత్రం జారీ అయిన నాటికి హమకిత-షి విడి నగరం. 2005 జూలై 1న హమమత్సు-షిలో కలిసింది. 2007 ఏప్రిల్ 1 నుంచి ఈ ప్రాంతం హమకిత-కు, 2024 జనవరి 1 నుంచి హమన-కు. మూడు పత్రాల్లోని చిరునామా ఒకే ఇంటిది." మూడు కాగితాలకీ ఒకే వివరణ, ఒకే స్పెల్లింగు. దాన్ని అనువాదంలో కలపకుండా, అనువాదకురాలి వివరణ అని పైన రాసి, కింద సంతకం పెట్టాను. పేరు మార్పు మీద స్థానిక ఆఫీసు ఇచ్చే ధ్రువపత్రం ఉంటే దాన్ని కూడా జతచేయండి. ఆవిడ భర్త అక్కడే ఉన్నాడు కాబట్టి వెళ్లి అడగమన్నాను.

పుట్టుక కాగితం అసలు పోగొట్టుకున్నవాళ్లకి ఒక మాట. విదేశీయులకి జపాన్ కుటుంబ రిజిస్టరు ఉండదు, పుట్టుక నమోదు స్వీకరించినట్టు ఇచ్చే ధ్రువపత్రమే మన చేతికి వస్తుంది. దాన్ని మళ్లీ అడగాల్సింది అప్పట్లో నమోదు చేసిన ఆఫీసుని. హమకిత నగర కార్యాలయం పేరుతో ఉత్తరం రాయకండి, ఇప్పుడు అడగాల్సింది హమమత్సు-షి, హమన-కు కార్యాలయాన్ని. ఉత్తరంలో పాత పేరు, పుట్టిన తేదీ శకం లెక్కలోనూ మన లెక్కలోనూ, అప్పటి ఇంటి నంబరు రాయండి.