వేట విరామంలో ఫైబర్ పని: ఆ రెండు సీసాలూ కలవకూడదు

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట ఆగుతుంది. ఈ 61 రోజుల్లోనే భీమిలి నుంచి నిజాంపట్నం దాకా ఒడ్డున ఫైబర్ బోట్లు బోర్లా పడతాయి, గ్రైండర్లు మోగుతాయి, ఫైబర్‌ను పట్టి గట్టిపడే జిగురు, అంటే రెసిన్, దాని డబ్బాల మూతలు లేస్తాయి. ఏడాది మొత్తంలో ఎండ ముదిరేది కూడా సరిగ్గా అప్పుడే.

ఈ మధ్య గ్రూపుల్లో తిరిగిన వీడియో మీలో కొందరు చూసే ఉంటారు. పని త్వరగా తెమలాలని ఒకతను ఖాళీ మగ్గులో ముందు కోబాల్ట్ (గట్టిపడడాన్ని వేగం చేసేది) పోశాడు, దాని మీదే హార్డనర్ (రెసిన్‌ను గట్టిపరిచేది) వంచాడు. రెసిన్ ఇంకా పోయనేలేదు. బుస్సుమని పొగ లేచింది, వెంటనే మంట. సరుకు పాతదేమో అన్నారు చాలామంది. సరుకు తప్పేమీ లేదు. కొత్త సీసాలైనా అంతే జరిగేది.

గ్లవుజులు తొడుక్కోండి, పిల్లల్ని దూరంగా ఉంచండి అనేవి అందరికీ తెలిసినవే. వాటిని వదిలేసి అసలు సంగతికి వద్దాం.

రెండు సీసాలు

కోబాల్ట్ ఊదా రంగులో ఉంటుంది. హార్డనర్, అంటే ఎంఈకేపీ (మిథైల్ ఇథైల్ కీటోన్ పెరాక్సైడ్), రంగు లేకుండా అచ్చం నీళ్లలా ఉంటుంది. హార్డనర్‌ను విడగొట్టడమే కోబాల్ట్ పని. కిలో రెసిన్‌లో పది మిల్లీలీటర్ల హార్డనర్ చెదిరి ఉన్నప్పుడు ఆ విడిపోవడం నిదానంగా సాగుతుంది, పుట్టిన వేడిని రెసిన్ పీల్చుకుంటుంది. మధ్యలో రెసిన్ లేకపోతే అదే పని సెకన్లలో అయిపోతుంది. మరిగి చిమ్ముతుంది, ఆవిరి అంటుకుంటుంది. మూత బిగించిన డబ్బాలో జరిగితే డబ్బా పేలుతుంది.

అందుకే వరుస ఒక్కటే. ముందు రెసిన్. అందులో కోబాల్ట్, సీసా మీద రాసిన కొలత ప్రకారం. కోబాల్ట్ ఒక్కో కంపెనీది ఒక్కో ఘాటు, పక్క బోటువాళ్లు వేసిన లెక్క మీ సీసాకి పనికిరాదు. అడుగూ అంచులూ గీకుతూ రెండు నిమిషాలు కలపండి, ఊదా చార ఒక్కటి కూడా మిగలకూడదు. ఆ తర్వాతే హార్డనర్.

ఇంతకన్నా మంచి పద్ధతి ఇంకోటుంది. ఆ రోజుకి కావలసిన రెసిన్ మొత్తానికీ పొద్దున్నే కోబాల్ట్ కలిపేసి, కోబాల్ట్ సీసాను పని దగ్గర నుంచి ఇంటికి పంపేయండి. ఇక రోజంతా మీ చేతికి తగిలేది హార్డనర్ ఒక్కటే. కోబాల్ట్ ముందే కలిపిన రెసిన్ కూడా దొరుకుతుంది. అది తెచ్చుకుంటే రెండో సీసా గొడవే ఉండదు. కొనేటప్పుడు అడిగి తెలుసుకోండి, కలిపినదానికే మళ్లీ కలపొద్దు.

తెలిసి తెలిసి రెండూ కలిపేవాళ్లు తక్కువ. తెలియకుండా కలిపేవాళ్లే ఎక్కువ. కోబాల్ట్ కొలిచిన సిరంజితోనే హార్డనర్ లాగుతారు. ఒక సీసా మూత ఇంకోదానికి పెడతారు. రెండూ ఒకే సంచిలో వేసి బండి డిక్కీలో ఎండకి తిప్పుతారు, లోపల ఒకటి కారుతుంది. కోబాల్ట్ తుడిచిన గుడ్డతోనే ఒలికిన హార్డనర్ తుడుస్తారు. సాయంత్రం రెండు సీసాల్లో అడుగున మిగిలింది పారేయడానికి ఒకే డబ్బాలో వంపుతారు. ఇవన్నీ ఆ వీడియోలో జరిగిన పనే, మోతాదులో తేడా అంతే. కోబాల్ట్ కొలతకు ఒక సిరంజి, హార్డనర్ కొలతకు ఇంకొకటి పెట్టుకోండి. ఒకదానికి ఎర్ర టేపు చుట్టండి. పెట్టె వేరు, గుడ్డ వేరు, ఇంట్లో పెట్టే మూల కూడా వేరు.

కూల్‌డ్రింక్ సీసాలో లూజుగా పోసిచ్చే హార్డనర్ కొనకండి. దాహంతో ఉన్న మనిషికి అది మంచినీళ్ల సీసాలాగే కనిపిస్తుంది.

ఎండ

హార్డనర్ సాధారణంగా రెసిన్‌లో 1 నుంచి 2 శాతం. పది డిగ్రీల వేడి పెరిగితే రెసిన్ గడ్డకట్టే సమయం దాదాపు సగానికి పడిపోతుంది. 30 డిగ్రీల్లో ఇరవై నిమిషాలు చేతిలో ఉండే రెసిన్ 40 డిగ్రీల్లో పది నిమిషాలే ఉంటుంది. అలాగని హార్డనర్‌ను 1 శాతం కంటే కిందికి దింపొద్దు. పైకి గట్టిపడ్డట్టు కనిపించినా లోపల పచ్చిగా ఉండిపోతుంది, సముద్రంలో నెల తిరిగేసరికి మ్యాట్ (రెసిన్‌తో తడిపి అంటించే గాజు నార గుడ్డ) పొర లేస్తుంది. తగ్గించాల్సింది కోబాల్ట్, లేదంటే ఒక్కసారి కలిపే మోతాదు. తెల్లారి ఐదు నుంచి తొమ్మిది దాకా పని చేయడం అన్నిటికన్నా మంచిది. ప్రతి ఉదయం 100 గ్రాములు కలిపి, గడియారం చూసి, ఎన్ని నిమిషాలకి జిగురెక్కుతుందో తెలుసుకున్నాకే అసలు పని మొదలెట్టాలి.

లెక్క ఇదీ. చదరపు మీటరు 450 గ్రాములు తూగే మ్యాట్, మీటరుకు కిలో అటూఇటుగా రెసిన్ తాగుతుంది. ఎండలో కిలో ఒకేసారి కలిపితే సగం బకెట్‌లోనే మిగిలి గట్టిపడుతుంది, కాబట్టి అరకిలో చొప్పున కలపండి. బకెట్‌లో కుప్పగా ఉన్న రెసిన్ వేడి బయటికి పోదు. వేడికి ఇంకా త్వరగా గట్టిపడుతుంది, గట్టిపడే కొద్దీ ఇంకా వేడెక్కుతుంది. పొగలు కక్కుతుంది, ప్లాస్టిక్ బకెట్‌ను కరిగిస్తుంది, ఒక్కోసారి అంటుకుంటుంది. బకెట్ కాకుండా వెడల్పు పళ్లెంలో కలపండి. వేడెక్కడం మొదలైందనిపిస్తే ఆరుబయట ఇసుక మీదికి తీసుకెళ్లి, పైన నీళ్లు పోసి దూరం జరగండి. ఇంటి మూలకో బోటు లోపలికో నెట్టకండి.

బోటు గోడ మీద కూడా ఇదే సూత్రం. 450 మ్యాట్ మూడు నాలుగు పొరలు వేశాక ఆగాలి, చల్లారాక మిగతావి. ఒకే ఊపులో ఎనిమిది పొరలు వేస్తే లోపల ఉడికి పగుళ్లు పుడతాయి.

గాలి

రెసిన్ వాసన అందులో ఉండే స్టైరీన్ అనే రసాయనానిది. 2020 మే 7న విశాఖలో ఆర్‌ఆర్ వెంకటాపురం దగ్గర 12 మంది ప్రాణాలు తీసిన వాయువు అదే. అక్కడ ట్యాంకులో సరుకు తనంతట తాను గట్టిపడుతూ వేడెక్కి ఆవిరై బయటపడింది. మీ బకెట్‌లో జరిగేది కూడా ఆ రసాయన చర్యే, చిన్న మోతాదులో. స్టైరీన్ ఆవిరి గాలి కన్నా బరువు, బోటు అడుగుకి, ఐసు గది అడుగుకి దిగి అక్కడే నిలుస్తుంది. దాదాపు 31 డిగ్రీలు దాటితే నిప్పు తగలగానే అంటుకునేంత ఆవిరి పుడుతుంది. మన మే నెలలో అది పొద్దున్నే దాటుతుంది.

కాసేపటికి ముక్కు అలవాటుపడి వాసన తెలియదు. వాసన తగ్గిందంటే గాలి బాగుపడిందని కాదు. గుడ్డ కట్టుకుంటే పనికిరాదు, ఎన్95 కూడా ఆవిరిని ఆపదు. ఎన్95 గ్రైండింగ్ దుమ్ముకి. రెసిన్ పనికి ఆర్గానిక్ ఆవిరి కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు కావాలి. లోపలికి దిగినవాళ్లుంటే పైన ఒక మనిషి ఉండాల్సిందే. ఫ్యాను బయట ఉంచి గొట్టంతో లోపలికి గాలి కొట్టండి, మామూలు టేబుల్ ఫ్యాను లోపల పెడితే దాని నిప్పురవ్వ చాలు.

ఇక గుర్తొచ్చినవి గుర్తొచ్చినట్టు:

బోటు దగ్గర బీడీ వద్దు. స్టవ్ వద్దు. వెల్డింగ్ అయితే వేరే రోజు పెట్టుకోండి.

ఉప్పు నీరు తాగిన ఫైబర్ మీద కొత్త పొర పట్టదు. మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, దాని మీద ప్లాస్టిక్ కవరు ముక్కను అంచులన్నీ టేపేసి రాత్రంతా ఉంచండి. పొద్దున లోపల చెమ్మ కనిపిస్తే ఇంకా ఆరలేదు.

చిల్లు చుట్టూ ఏటవాలుగా గీకాలి, మందానికి 12 రెట్లు. 6 మిల్లీమీటర్ల గోడకి ప్రతి వైపూ 72 మిల్లీమీటర్లు. పైపైన మ్యాట్ అంటించి పుట్టీ పూస్తే మొదటి అల పెట్టే దెబ్బకే ఊడుతుంది.

థర్మోకోల్ మీద రెసిన్ పోయకండి, స్టైరీన్ దాన్ని తినేస్తుంది. థర్మోకోల్ చెక్కి దాని మీద నిలబడి నడిపే జెట్ స్కీ హల్ పోద్దామని వీడియోలు చూసే కుర్రాళ్లకి కూడా ఇదే మాట. పీయూ (పాలియురెథేన్) ఫోమ్ వాడండి, లేదా స్టైరీన్ లేని రెసిన్ అయిన ఎపాక్సీ వాడండి. థర్మోకోలే కావాలంటే ఎపాక్సీతో మాత్రమే.

హార్డనర్‌ను ఎసిటోన్‌తో పలచన చేయొద్దు. ఎప్పుడూ.

హార్డనర్‌ను ఇనుప డబ్బాలో పోయొద్దు. గాజు సీసాలో బిగించొద్దు. వచ్చిన సీసాలోనే, దాని మూతతోనే ఉంచండి. ఆ మూతకి గాలి పోయే దారి ఉంటుంది, దాన్ని మైనంతో మూసేయకండి.

హార్డనర్ ఒలికితే రంపపు పొట్టు చల్లకండి. ఇసుక చల్లి, నీళ్లతో తడిపి ఎత్తండి.

కంట్లో హార్డనర్ పడితే ఆ క్షణమే నీళ్లు. రెప్ప విప్పి పట్టుకుని కనీసం 20 నిమిషాలు పోయాలి. నీళ్లు పోస్తుండగా పక్కవాళ్లు 108కి ఫోన్ చేస్తారు. కడగకుండా ఆసుపత్రికి పరిగెత్తితే దారిలోనే చూపు పోవచ్చు. కాబట్టి కలిపే చోట నిండు బిందె ఉండాలి. సముద్రం ఉంది కదా అనొద్దు.

హార్డనర్ అంటిన గుడ్డలు కుప్పెయ్యొద్దు. నీళ్ల బకెట్‌లో ముంచండి.

తొందరగా గట్టిపడట్లేదని కలిపిన రెసిన్‌లో పైనుంచి కోబాల్ట్ చుక్కలు వేయొద్దు. అక్కడ హార్డనర్ ముందే ఉంది. చుక్క పడ్డ చోట రెండూ ముఖాముఖి అవుతాయి.

పనివాళ్లు మారితే మళ్లీ చెప్పండి. నిన్న చెప్పింది నిన్నటి మనిషికి. ఏ సీసా ఏదో ఈ రోజు వచ్చినవాళ్ల చేత చూపించుకోండి.

జూన్‌లో పని అయ్యాక హార్డనర్ వచ్చే ఏడాదికి దాచొద్దు, ఇసుకలో పాతొద్దు, నీళ్లలో పారబోయొద్దు. కోబాల్ట్ కలిపిన రెసిన్ కొంచెం మిగుల్చుకుని, మామూలు కొలతలోనే హార్డనర్ కలిపి, పాత రేకు మీద పలచగా పూసి గట్టిపడనివ్వండి. గట్టిపడ్డాక అది ప్లాస్టిక్ చెత్త. రెసిన్ అయిపోయిందని కోబాల్ట్ సీసాలో మాత్రం వంపకండి.