శనివారం కోసం పిల్లలు ఎదురుచూడాలంటే

విశ్రాంతి దినం పిల్లలకి ఇష్టమైన రోజు కావాలంటే దాని పని శుక్రవారమే మొదలవ్వాలి, అదీ వాళ్ల చేతుల మీదుగా. శనివారం పొద్దున్న లేస్తూనే "టీవీ పెట్టొద్దు, క్రికెట్‌కి పోవద్దు, కొట్టుకెళ్లొద్దు" అని అందుకుంటే వాళ్లకి ఆ రోజంటే వద్దులే గుర్తుండిపోతాయి. మా ఇంట్లో పద్ధతి ఒకటే. వారమంతా దాచిపెట్టి ఆ ఒక్క రోజే బయటికి తీసేవి కొన్ని ఉంటాయి: ఒక తిండి, ఒక దుప్పటి, ఒక పెట్టె, వాళ్ల నాన్న తీరిక. ఆరు రోజులూ దొరకనిది ఏడో రోజు దొరుకుతుందని తెలిస్తే పిల్లలు వేళ్లు మడిచి రోజులు లెక్కపెట్టుకుంటారు.

మాది శ్రీకాకుళం. మేం శనివారాన్ని విశ్రాంతి దినంగా పాటించే అడ్వెంటిస్టు క్రైస్తవ సంఘంలో ఉన్నాం కాబట్టి శుక్రవారం పొద్దు ములిగిన దగ్గర్నుంచి శనివారం పొద్దు ములిగేదాకా మాకు సబ్బాతు, అంటే విశ్రాంతి దినం. బైబిలు మొదటి పుస్తకం ఆదికాండంలో రోజు అస్తమయంతోనే మొదలవుతుంది కదా. మన వైపు డిసెంబరు మొదట్లో ఐదుంపావు దాటేసరికే చీకటి పడుతుంది, జులై మొదట్లో అయితే ఆరున్నర దాటాకే పొద్దు ములుగుతుంది. ఈ తేడా ముందే చూసుకోండి. చలికాలంలో పిల్లలు బడి నుంచి వచ్చి మొహం కడుక్కునేలోపు సబ్బాతు వచ్చేస్తుంది. ఆ నెలల్లో బట్టల ఇస్త్రీ, ఇల్లు కడగడం, కూరగాయలు తేవడం గురువారం రాత్రికే అయిపోవాలి. హడావిడిగా, అరుచుకుంటూ సబ్బాతులోకి వెళ్లడం కన్నా ఒక కూర తక్కువ వండుకోవడం మేలని నా నమ్మకం.

శుక్రవారం ఎవరి పని వాళ్లకి ఉండాలి, అది మారకూడదు. మా చిన్నోడిది బూట్లు, చెప్పులు తుడిచి గుమ్మం దగ్గర వరసగా పెట్టడం. మా ఆయన బండికి పెట్రోలు కొట్టిస్తారు, కానుకకి చిల్లర తెస్తారు. మా పెద్దదానిది బియ్యం. సోలతో రోజూ కొలిచినంత కొలుస్తుంది, ఆగుతుంది, మళ్లీ అంతే కొలుస్తుంది. కొలుస్తూ తమ్ముడికి మన్నా కథ, అంటే ఎడారిలో దేవుడు కురిపించిన ఆహారం కథ చెప్పాలి, అదీ నియమం. నిర్గమకాండం 16వ అధ్యాయంలో ఇశ్రాయేలీయులు రోజూ తలా ఒక ఓమెరు (అప్పటి కొలత) ఏరుకునేవారు, ఆరో రోజున రెండేసి ఏరుకున్నారు. మామూలు రోజుల్లో తెల్లారేదాకా ఉంచితే పురుగు పట్టి కంపు కొట్టిన మన్నా, ఆరో రోజు ఉంచింది మాత్రం చెడలేదు. రెండో సోల డేగిసాలో పడుతున్నప్పుడు చెప్తే ఈ కథ పిల్లలకి పట్టుకుంటుంది. ఊరికే కూర్చోబెట్టి చెప్తే అంత పట్టదు.

రెండింతలు వండిన ఆ అన్నమే మాకు శనివారం పొద్దున్న చద్దన్నం. రాత్రి పడుకునే ముందు అన్నాన్ని మట్టి ముంతలోకి తీసి, గోరువెచ్చని పాలు అన్నం మునిగేలా పోసి, చెంచాడు పెరుగు తోడేసి మూత పెట్టండి. వేసవిలో తోడు తగ్గించండి, లేకపోతే తెల్లారేసరికి పుల్లబడిపోతుంది. చలికాలంలో పాలు కాస్త వేడిగానే పోయాలి. పొద్దున్న ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, ఆవకాయ ముక్క వేసుకుంటే పొయ్యి వెలిగించే పనే లేదు. మధ్యాహ్నానికి శుక్రవారం కలిపిన దబ్బకాయ పులిహోర, పెరుగు. పప్పు మాత్రం ముందురోజు వండి ఉంచకండి, మన ఉక్కకి నిలవదు.

దాచిపెట్టే తిండి అంటే మా ఇంట్లో బెల్లం గవ్వలు. గోధుమపిండి, మైదా చెరో కప్పు, చిటికెడు ఉప్పు, రెండు చెంచాల వేడి నెయ్యి వేసి గట్టిగా తడిపి అరగంట నాననివ్వాలి. గోళీ కన్నా చిన్న ఉండలు చెయ్యడం చిన్నపిల్లల పని. ఉండని గవ్వల చెక్క మీద పెట్టి బొటనవేలితో నొక్కుతూ ముందుకి తోస్తే పిండి తనంతట తనే చుట్టుకుని, పైన గీతలతో గవ్వ అయిపోతుంది. చెక్క లేకపోతే కొత్త దువ్వెన చాలు. పిల్లలు చేసినవి కొన్ని చుట్టుకోవు, కొన్ని బల్లపరుపుగా ఉంటాయి. వాటిని తీసి మళ్లీ చెయ్యకండి, అన్నీ కలిపే వేయించండి. రేపు బల్ల దగ్గర ఎవరి గవ్వ ఏదో వాళ్లు వెతుక్కుంటారు. వేయించడం, పాకం పట్టడం పెద్దవాళ్లే చెయ్యాలి. మంట సన్నగా ఉండాలి, లేకపోతే లోపల పచ్చిగా ఉండిపోతాయి. కప్పు బెల్లానికి కొంచెం నీళ్లు పోసి కాచి, నీళ్ల గిన్నెలో చుక్క వేస్తే ఉండ కట్టేదాకా ఉంచి, దించి గవ్వలు కలపండి. డబ్బా మూత తెరిచేది శనివారం భోజనం అయ్యాకే. ఎదురింటి పెద్దమ్మగారు శనివారాలు వెంకటేశ్వరస్వామికి ఒక్కపొద్దు ఉంటారు, ఆవిడకి ఒక పొట్లం పిల్లల చేతికిచ్చి ముందురోజే పంపుతాం.

పొద్దు ములిగే వేళ కనిపెట్టడం చిన్నోడి వంతు. మేడెక్కి నాగావళి వైపు చూస్తూ నిలబడతాడు. "సూరీడు ములిగిపోనాడు, ఫోనెట్టీ నాన్నా!" అని వాడి కేక వినబడగానే ఫోన్లన్నీ బీరువా పైకి పోతాయి. నాన్నకి పిల్లాడు చెప్పడం, నాన్న మారుమాటాడకుండా పెట్టెయ్యడం, ఈ రెండూ చాలా ముఖ్యం. తరవాత ఒక కీర్తన, చిన్న ప్రార్థన. అప్పుడు మా ఆయన ఒక్కొక్కరి తల మీద చెయ్యి పెట్టి దీవిస్తారు. ఇది యూదుల ఇళ్లల్లో శుక్రవారం రాత్రి ఉండే ఆచారం. మగపిల్లల్ని ఎఫ్రాయిము, మనష్షేల్లా ఉండమని, ఆడపిల్లల్ని శారా, రిబ్కా, రాహేలు, లేయాల్లా ఉండమని దీవించి, సంఖ్యాకాండం 6వ అధ్యాయంలోని దీవెన చెప్తారు. మా సంఘంలో ఇలా చెయ్యాలన్న నియమమేమీ లేదు, నచ్చి తెచ్చుకున్నాం. దానికి మేం కలిపింది ఒకటుంది. ఆ వారంలో ఆ పిల్ల గానీ పిల్లాడు గానీ చేసిన ఒక మంచి పని పేరు పెట్టి చెప్పాలి. "మంచివాడివి" అంటే చాలదు. "మంగళవారం తాతకి మందులు నువ్వే గుర్తుచేశావు" అనాలి. అలా చెప్పాలంటే తండ్రి వారమంతా పిల్లల్ని గమనించాలి, నాకు ఈ ఆచారంలో ఎక్కువ ఇష్టమైంది అదే.

శనివారం పొద్దున్న చర్చిలో సబ్బాతు బడి (బైబిలు పాఠం), ఆరాధన ఎలాగూ ఉంటాయి. పిల్లలు కంఠతా పట్టాల్సిన బైబిలు వాక్యం అప్పుడు దారిలో అప్పజెప్పించకండి. వారంలోనే అయిపోవాలి. మధ్యాహ్నం భోజనానికి ఇంటి మనుషులు కాక ఒక్కరైనా ఉండేలా చూడండి. హాస్టల్లో చదువుకునే పిల్లో, ఒంటరిగా ఉండే పెద్దావిడో. మంచినీళ్లు పిల్లలే ఇవ్వాలి.

కష్టమంతా రెండు నుంచి ఐదు దాకా. ఆ వేళకే దాచిన దుప్పటి, పెట్టె తియ్యండి. మాది పాత రేకు పెట్టె, వారమంతా అల్మరా మీద కళ్లకి కనిపిస్తూనే ఉంటుంది, చెయ్యి వెయ్యరు. అందులో ఏటికొప్పాక లక్క జంతువులు నోవహు ఓడకి జంటలు జంటలుగా, కళింగపట్నం ఇసకలో ఏరిన గవ్వలు, పిల్లలు బొమ్మలేసుకున్న వాక్యాల నోటుపుస్తకం ఉంటాయి. అప్పుడప్పుడు ఒక వస్తువు తీసేసి కొత్తది పెడుతుంటాను, మూత తియ్యగానే ముందు దాన్నే వెతుకుతారు. పదేళ్లు దాటిన పిల్లలకి పెట్టె ఆనదు. మా పెద్దదానికి అందుకే పెట్టె బాధ్యత ఇచ్చాను, ఈ వారం ఏ కథ అనేది తనే నిర్ణయిస్తుంది.

ఎండ వాలాక నడక. సృష్టి ఏడు రోజులకి ఆట ఉంది మాకు: మూడో రోజుకి ఒక మొక్క, ఐదో రోజుకి ఒక పిట్ట గానీ చేప గానీ, ఆరో రోజుకి ఒక జంతువు కనిపెట్టాలి. ఏడో రోజుకి ఏం వెతకాలని చిన్నోడు అడిగినప్పుడు మా అత్త వాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని "ఇదే" అంది. చలికాలంలో ఒకసారైనా టెక్కలి దగ్గర తేలినీలాపురం తీసుకెళ్లండి. పెలికాన్లు, పెయింటెడ్ స్టార్క్‌లు ఊళ్లో చెట్ల మీదే గూళ్లు కట్టి పిల్లల్ని చేస్తాయి, ఊరివాళ్లు వాటి జోలికి పోరు. అన్నం, నీళ్లు ఇంటి నుంచే పట్టుకెళ్తే అక్కడ ఏదీ కొనక్కర్లేదు. మత్తయి సువార్తలో ఆకాశపక్షుల మాట, విత్తకపోయినా కొయ్యకపోయినా దేవుడు వాటిని పోషిస్తాడన్నది, అక్కడ నిలబడి చదవండి, వివరించక్కర్లేదు.

బడి సంగతి చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర శనివారం చాలా బడులు ఉంటాయి. పరీక్ష తేదీ వచ్చాక పరిగెత్తకండి. పిల్లల్ని చేర్చేటప్పుడే హెడ్మాస్టరుగారిని కలిసి రాతపూర్వకంగా అడగండి, పాస్టరుగారి ఉత్తరం జతపరచండి. పోయిన పాఠం ఆదివారం స్నేహితుల నోట్సు చూసి రాసుకుంటారని మాటివ్వండి, ఆ మాట నిలబెట్టండి. ఒక బడిలో మాకు కుదరదన్నారు, ఇంకోటి చూసుకున్నాం. తోటిపిల్లలు "శనివారం ఎందుకు రావు?" అని అడిగితే ఏం చెప్పాలో కూడా ఇంట్లోనే నేర్పండి. మా పిల్లలు "మా ఇంట్లో ఆ రోజు దేవుడికి" అంటారు, అంతకన్నా అక్కర్లేదు.

కొత్తగా మొదలెట్టేవాళ్లు ఇవన్నీ ఒకే వారం నెత్తినేసుకోకండి. ముందు శుక్రవారం రాత్రి భోజనం, ఒక పాట, తల మీద చెయ్యి పెట్టి దీవెన. అవి అలవాటయ్యాక గవ్వల డబ్బా. పెట్టె ఆ తరవాత.