గ్యాస్ట్రిక్ బ్యాండ్ తీయించుకునే ముందు జాగ్రత్తలు

బరువు తగ్గడానికి కడుపు పైభాగం చుట్టూ వేసిన బ్యాండ్ (పట్టీ) తీయించి, దాని బదులు స్లీవ్ లేదా బైపాస్ అనే మరో సర్జరీ చేయించుకోవాలనుకునేవారి కోసం ఈ లిస్టు.

– పాత ఆపరేషన్ కాగితాలు వెతికి పెట్టుకోండి. బ్యాండ్ ఏ కంపెనీది, ఎప్పుడు వేశారు, అందులో సెలైన్ (బ్యాండ్‌ని బిగించడానికి ఎక్కించే ఉప్పునీరు) ఎంత ఉందో సర్జన్‌కి తెలియాలి.

– ఎండోస్కోపీ, బేరియం ఎక్స్‌రే అయ్యాకే తేదీ ఖాయం చేసుకోండి. బ్యాండ్ జారిందా, కడుపు గోడలోకి చొచ్చుకుపోయిందా అన్నది వాటిలో తేలుతుంది. చొచ్చుకుపోతే ముందు బ్యాండ్ మాత్రమే తీసి, కడుపు మానడానికి కొన్ని నెలలు ఆగి, తర్వాత రెండో సర్జరీకి వెళ్లడం మేలు. "రెండూ ఒకేసారి చేసేయండి" అని డాక్టర్‌ని తొందరపెట్టకండి.

– గుండెల్లో మంట, పుల్లటి తేన్పులు ఉంటే దాచకండి. స్లీవ్‌తో (కడుపులో ఎక్కువ భాగం కోసి తీసేసే సర్జరీ) అవి పెరగొచ్చు కాబట్టి అలాంటివారికి సాధారణంగా బైపాస్ (కడుపుని చిన్న సంచిగా చేసి నేరుగా చిన్నపేగుకి కలిపే సర్జరీ) వైపే మొగ్గుతారు. బైపాస్ అయితే విటమిన్, ఐరన్, కాల్షియం మాత్రలు జీవితాంతం వాడాలి. మాత్రలు మధ్యలో మానేసే అలవాటుంటే ఇక్కడే ఆలోచించుకోండి.

– బ్యాండ్ తీసి ఊరుకుంటే చాలామందికి ఆకలీ, బరువూ తిరిగొస్తాయి. డైటీషియన్‌ని ముందే కలవండి.

– సిగరెట్ మానాలి. రక్తం పలచబడే మందులు, షుగర్ మందులు సొంతంగా ఆపొద్దు.

– రెండో సర్జరీ తర్వాత గర్భం కోసం 12 నుంచి 18 నెలలు ఆగమంటారు.

– ఇలాంటి రివిజన్ సర్జరీలు (పాత సర్జరీని మార్చి మళ్లీ చేసేవి) ఎన్ని చేశారని సర్జన్‌ని అడగండి, మొహమాటం వద్దు.

– నీళ్లు కూడా దిగకపోయినా, వాంతులు ఆగకపోయినా లిస్టు పక్కనపెట్టి ఎమర్జెన్సీకి వెళ్లండి.